ఇడిసిన తాడు

“టీచర్, నాయిన పోయిండు” అని శ్రావణి ఫోన్ చేసినప్పుడు నేను మిగతా సగం కోసం ఆగాను. ఆ ఇంట్లో మాట అలాగే వస్తుంది మరి. పోయిండు అంటే చెరువు దగ్గరికి పోయి ఉండొచ్చు, చేపల డబ్బా కట్టుకుని మేడ్చల్ పోయి ఉండొచ్చు, విచారణ అంటూ మళ్లీ ఎవరో పిలిస్తే అక్కడికి పోయి ఉండొచ్చు. ఎంతసేపటికీ అవతలి నుంచి ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు. ఈసారి మాట అక్కడితో అయిపోయిందని అప్పుడు అర్థమైంది.

శ్రావణి నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు దుండిగల్‌లో ఇంజినీరింగ్ చదువుతోంది. నేను శామీర్‌పేట పక్క సర్కారు హైస్కూల్లో తెలుగు చెబుతాను, ఇల్లు దూలపల్లిలో. ఏళ్ల తరబడి నోటుబుక్కులు దిద్ది దిద్ది నా నోరు కొంచెం దురుసైంది. ఆ సంగతి స్టాఫ్‌రూమ్‌లో అందరూ నా వెనక అనుకుంటారు. ముఖం మీద అన్నది శ్రావణి నాయిన ఒక్కడే. టీచరమ్మా మీరు ఒర్లుతరు గని మనసుల ఏం పెట్టుకోరు అనేవాడు. ఒర్లడమేమిటయ్యా, నేనేమైనా కుక్కనా అంటే పళ్లన్నీ కనబడేలా నవ్వేవాడు.

ఆయన చెరువులో చేపలు పట్టేవాడు. ఆదివారం పూట మోపెడ్ వెనక డబ్బా కట్టుకుని మా దూలపల్లి దాకా వచ్చి అమ్మేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మీసానికి నల్లరంగు పూసుకునేవాడు, జుట్టు మాత్రం తెల్లగా వదిలేసేవాడు. అదేం వేషమయ్యా అని అడిగితే, మీసం తనదనీ, జుట్టు గుట్ట మీది దేవుడిదనీ, ఎప్పుడో ఒకనాడు ఆయన తీసుకునేదానికి రంగు దండగనీ చెప్పేవాడు. ఎడమ బుగ్గలో ఎప్పుడూ తంబాకు ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని కుడి బుగ్గకు మార్చుకోవడానికి ఆగేవాడు. ఆ ఆగడానికి చోటూ వేళా లేదు. వాక్యం మొదట్లో కావచ్చు, నడుమ కావచ్చు, ఎక్కడ బుగ్గ బరువైతే అక్కడ ఆగిపోయేవాడు.

దాంతో ఎన్ని బేరాలు చెడ్డాయో లెక్కలేదు. మా వీధిలో కొత్తగా దిగిన ఒకావిడ డబ్బాలోకి తొంగిచూసి తాజావేనా అని అడిగింది. “ఇది నిన్నటి శాప” అన్నాడు, ఆగాడు. ఆవిడ ముక్కు మూసుకుని గేటు వేసేసుకుంది. తంబాకు కుడి బుగ్గకు చేరాక “తీరుగ కనవడ్తాందా అక్కా?” అని ఆ మూసిన గేటును అడిగాడు. నేను నవ్వు ఆపుకోలేక మా మెట్ల మీద కూలబడ్డాను. ఆయనకేం కోపం రాలేదు. ఆమెకు ఇవాళ పులుసు రాసిపెట్టి లేదని నాకే రెండు చేపలు ఎక్కువ వేసి పోయాడు.

ఇంకోసారి బడిలో తల్లిదండ్రుల మీటింగు. మామూలుగా వాళ్లెవరూ నోరు తెరవరు, సంతకం పెట్టి టీ తాగి పోతారు. ఈయన మాత్రం చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. హెడ్మాస్టరు ముందు, అందరి ముందు, “మా టీచరమ్మకు తెలుగు రాదు” అన్నాడు. ఆగాడు. నా చెవులు భగ్గుమన్నాయి. లెక్కల మాస్టారు ఎప్పటి నుంచి ఎదురు చూస్తున్నాడో ఏమో, చప్పట్లు కొట్టేశాడు. అప్పుడు తాపీగా “అన్నోని పండ్లు రాలగొడ్త” అని వాక్యం పూర్తి చేసి కూర్చున్నాడు ఆయన. ఆ లెక్కల మాస్టారుతో నేను చాలా రోజులు మాట్లాడలేదు.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆ గాలి ఓడ వచ్చేదాకా.

అలియాబాద్ దాటాక హైవేకి లోపలగా ఒక పెద్ద రైతు కుటుంబం ప్లాట్లు చేద్దామని చదును చేయించి, అనుమతులు రాక బీడుగా పడావు పెట్టిన భూమి ఉంది. దాన్ని ఒక కంపెనీ అద్దెకు తీసుకుంది. రెక్కలు లేకుండా, పొట్టలో తేలికపాటి గ్యాసు నింపితే గాలిలో తేలే ఓడ వాళ్లది. కింద చిన్న గది, అందులో నడిపే మనిషి. పైనుంచి భూములు కొలవడానికీ, పండగలకు ప్రకటనలు కట్టి ఊరిమీద తిప్పడానికీ పనికొస్తుందట. పేపర్లు దాన్ని గాలి ఓడ అని రాశాయి. ఊళ్లో మాత్రం అందరూ బర్రె అన్నారు. బూడిదరంగు, ఉబ్బిన పొట్ట, కదలమంటే కదలదు, కదిలిందా ఆగదు. ఇయ్యాల బర్రె లేసిందా అని బస్సు కండక్టర్లు కూడా అడిగేవారు.

బర్రెను దించేటప్పుడు దాని ముక్కు నుంచి రెండు తాళ్లు వేలాడేవి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. కింద మనుషులు పరుగెత్తి తాళ్లు అందుకుని, దాన్ని నడిపించుకుంటూ పోయి స్తంభానికి కట్టాలి. వల లాగే చేతులైతే ఈ పని చేస్తాయని కంపెనీ వాళ్లు చేపలు పట్టేవాళ్లను రోజు కూలికి పెట్టుకున్నారు. అందులో ఈయన ఒకడు, యాదగిరి ఒకడు.

యాదగిరి ఈయన జోడు. చిన్నప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే తెప్ప, ఇళ్లు ఎదురెదురు. ఈయనకు కూతురు, యాదగిరికి కొడుకు. యాదగిరి భార్య సత్తెమ్మ ఈయన్ని అన్నా అని పిలిచేది. ఒట్టి పిలుపు కాదది. తోడబుట్టినదానిలాగే తంబాకు మీద, మీసం రంగు మీద తిట్టిపోసేది. ఆ తిట్లు తినందే తన తండ్రికి పొద్దు పొడవదనీ, అందుకే తెల్లారగానే పోయి వాళ్ల ప్రహరీగోడ దగ్గర నిలబడతాడనీ శ్రావణి నాతో చెప్పి నవ్వేది.

ప్రమాదం జరిగిన రోజు మంచి ముహూర్తం. కూలీల్లో సగం మంది పెళ్లిళ్లకు పోయారు, మిగతావాళ్లు ఎందుకో రాలేదు. తాళ్లు పట్టడానికి వచ్చింది వీళ్లిద్దరే. మనుషులు లేరు, గాలి లేస్తోంది, ఇవాళ వద్దు అని పైవాళ్లు ఎవరైనా అనాల్సింది. అనలేదు. బర్రె దిగేవేళకు దుమారం లేచింది. ఒక తాడు చేయి వదిలింది, ఓడ పక్కకు తిరిగింది, రెండో తాడూ నిలవలేదు. అది ఎగిరి కరెంటు తీగలకు తగిలి యాదగిరి మీద పడింది. కింద యాదగిరి, లోపల దాన్ని నడుపుతున్న ఉత్తరాది అబ్బాయి, ఇద్దరూ పోయారు. ఈయన చేతుల తోలు ఊడిపోయి పట్నంలో పెద్ద దవాఖానలో పడ్డాడు.

ఆ తర్వాత విచారణ మొదలైంది. ఢిల్లీ నుంచి అధికారులు దిగారు. బర్రె పడ్డ చోట చుట్టూ పట్టీలు కట్టి, పైన టార్పాలిన్ కప్పి, పోలీసును కాపలా పెట్టారు. గాలి ఎంత, గ్యాసు ఎంత, ఇంజను ఎలా ఉంది అని ఎన్నో వెతికారు. కాని కంపెనీ వకీలు మొదటి రోజు నుంచీ పట్టుకుని వేలాడింది ఒకే ఒక్క ప్రశ్న. ముందు తాడు విడిచింది ఎవరు? కింద కూలీ విడిచాడని తేలితే వకీలు పని తేలికవుతుంది మరి.

దవాఖానలో మంచం దగ్గరికి ఒక యువకుడు వచ్చి వాంగ్మూలం రాసుకున్నాడు. కోస్తా వైపు పిల్లాడు, పాపం మర్యాదస్తుడే. ఏం జరిగిందని అడిగాడు. ఈయన చేతులకు కట్లు, ఒంట్లో మత్తు మందు. అంతటి బాధలోనూ భార్యను బతిమాలి బుగ్గలో తంబాకు పెట్టించుకున్నాడట మహానుభావుడు. “ఇడిసిన” అన్నాడు. ఆగాడు. “తాడు పట్టుకున్న” అన్నాడు.

మా వైపు వాళ్లకు ఇందులో చెప్పాల్సిందేమీ లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మా మాటలో వచ్చిన అంటే వచ్చాను. వచ్చిన మనిషి అన్నా అదే వచ్చిన. ఇడిసిన అంటే విడిచాను. ఇడిసిన తాడు అంటే ఎవరో విడిచిన తాడు. రెంటికీ తేడా పక్కన ఏ మాట ఉందన్నదాన్ని బట్టే. ఆయన చెప్పింది విడిచిన తాడును పట్టుకున్నానని. ఆ పిల్లాడు ఆగిన చోట చుక్క పెట్టేశాడు. ‘విడిచాను. తాడు పట్టుకున్నాను’ అని రాశాడు. పై అధికారి చూసి, విడిచాక పట్టుకోవడమేమిటి, వరుస తప్పింది అని సరిదిద్దాడు. ‘తాడు పట్టుకున్నాను, విడిచాను’ అయింది. ఆ కాగితం కింద ఈయన కాలి బొటనవేలి ముద్ర వేయించుకున్నారు, చేతి వేళ్లు పనికిరాలేదు కాబట్టి.

అది పేపర్లో వచ్చింది. ఈయన కట్లు విప్పించుకుని ఊళ్లోకి వచ్చేసరికి ఊరు పేరు పెట్టేసింది. ఇడిసినోడు. పాల కేంద్రం దగ్గర, ఆటో స్టాండులో, చేపల సొసైటీలో, ఎక్కడైనా అదే పేరు. మొదట ఎగతాళిగా అన్నారు, తర్వాత మామూలుగా అనడం మొదలుపెట్టారు. ఎగతాళే నయం, దానికి ఒకనాడు విసుగొస్తుంది.

సత్తెమ్మ మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండేదట. ఈయన తెల్లారి ఆ గోడ దగ్గర నిలబడితే ఆమె ఊడ్చే చీపురు అక్కడే పడేసి లోపలికి పోయేది. ఈయన ఆకులో చేపలు చుట్టి గోడ మీద పెట్టి వచ్చేవాడు. ఆమె తీసుకునేది కాదు, పారేసేదీ కాదు. ఆ లేన్‌లో పిల్లులు దూడల్లా తయారయ్యాయని శ్రావణి చెప్పింది, ఈసారి నవ్వకుండా.

ఆయనకు కావలసింది అదొక్కటే. ఊరు ఏమన్నా అనుకోనీ, ఆ కాగితంలో మాట సరై, తను విడవలేదని సత్తెమ్మకు తెలియాలి. ఆమె మళ్లీ మాట్లాడాలి. నువ్వే పోయి చెప్పరాదా అన్నాను నేను. సర్కారు కాగితం మీద ఉన్నదాన్ని నోటి మాటతో కాదంటే ఆడమనిషి ఎందుకు నమ్ముతుంది అన్నాడు. అదీ నిజమే.

సాక్షి కాబట్టి చేపలు అమ్ముకోవడానికి తప్ప ఊరు దాటొద్దన్నారు. కూతురి కాలేజీలో ఏదో బహుమతి ఇస్తుంటే దుండిగల్ పోవడానికి కూడా అడిగి పోవాల్సి వచ్చింది. అడిగాడు, జవాబు రాలేదు, పోలేదు. చెరువులో దిగితే సొసైటీ వాళ్లు పక్కకు జరిగేవారు. జోడు లేక తెప్ప ఒక్కడే తోయాలి. తోస్తే ఇంకా మానని అరచేతులు చిట్లేవి. ఒక ఆదివారం మా మెట్ల మీద కూర్చుని, “శాప వలల పడితె జల్ది కోసి పుణ్యం కట్టుకుంటరు టీచరమ్మా. నన్ను బకీట్ల ఏసి పెట్టిండ్రు” అన్నాడు. ఆ మాట మధ్యలో ఎక్కడా ఆగలేదు. అది గమనించి నాకు భయమేసింది.

రెండోసారి విచారణకు పిలిచినప్పుడు శ్రావణి తండ్రికి పాఠం చెప్పింది. విడిచిన తాడును నేను పట్టుకున్నాను. వార్తలు చదివినట్టు చెప్పాలి, ఎక్కడా ఆగకూడదు, నోట్లో తంబాకు ఉండకూడదు. ఇంటి నుంచి మేడ్చల్ దాకా ఆటోలో అదే వల్లె వేసుకుంటూ పోయాడట. అక్కడ నిలబడి గడగడా అప్పజెప్పాడు. కంపెనీ వకీలు లేచి, ఈ భాష నీదేనా, ఇంత ముచ్చటగా ఎవరు నేర్పారు అని అడిగాడు. ఈయనకు అబద్ధం ఆడటం చేతకాదు. బిడ్డ నేర్పిందన్నాడు. సాక్షి మాట మార్చాడు, నేర్పించి తెచ్చారు అని రాసుకున్నారు. తన భాషలో చెబితే తప్పు రాస్తారు, వాళ్ల భాషలో చెబితే నేర్పిన మాటంటారు. ఇక మనిషి ఏ నోటితో చెప్పాలి?

అది విని నాకు తిక్క రేగింది. నేనొస్తాను పద అన్నాను. ఒకరోజు సెలవు పెట్టాను.

విచారణ మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరుగుతోంది. మూఢం రోజులు, పెళ్లిళ్లు లేవు, హాలు ఖాళీ. స్టేజీ మీద ఎవరివో పెళ్లివారి పేర్లు థర్మాకోలు అక్షరాల్లో సగం ఊడి వేలాడుతున్నాయి. దాని కింద బల్లలు వేసుకుని అధికారులు కూర్చున్నారు. కుర్చీలకు ఇంకా ఎర్ర రిబ్బన్లు కట్టే ఉన్నాయి. ఆ రోజు సత్తెమ్మను కూడా పిలిచారు. చివరి వరసలో కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. ఈయన లోపలికి రాగానే ఆమెను చూశాడు. ఆమె నేలకేసి చూసింది.

పెద్ద అధికారి తెలుగాయనే. కళ్లజోడు, మెత్తటి గొంతు, ముందర వేడినీళ్ల ఫ్లాస్కు. నేను తెలుగు టీచరునని చెప్పి, అయిదు నిమిషాలు అడిగాను. ఇవ్వనంటాడేమో, అరుద్దామని సిద్ధపడే ఉన్నాను. చెప్పండమ్మా అన్నాడు. వచ్చిన, వచ్చిన మనిషి, తిన్న, తిన్న కంచం అని పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. ఈయన బుగ్గలో తంబాకు సంగతీ చెప్పాను, నిన్నటి చేప సంగతీ చెప్పాను. హాల్లో నవ్వులు లేచాయి. పెద్ద అధికారి కూడా నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేశాడు. నా కళ్లముందే కొట్టేశాడు. ఈయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు కనబడుతుంది. నీళ్లలోంచి తల బయటికి తీసినవాడి ముఖం అది.

అప్పుడు ఆ అధికారి ఎంతో మర్యాదగా అడిగాడు.

“అయితే మీరు విడవలేదు. విడిచిన తాడు పట్టుకున్నారు. కింద ఉన్నది ఇద్దరే కదండీ. మరి ఆ తాడు...”

ఆయన ఆగాడు. ఈసారి ఆగింది అధికారి. వకీలు ఫోన్ చూడటం మాని తల ఎత్తాడు.

ఈ ప్రశ్న వస్తుందని మాకెవరికీ తట్టలేదు. శ్రావణికి తట్టలేదు, వ్యాకరణమంతా వెంటబెట్టుకుని పోయిన నాకూ తట్టలేదు. ఒక్క మాట దిద్దడం మీదే మా దృష్టి. దిద్దిన మాట పోయి ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. ఈయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి చివరి వరస వైపు చూశాడు. సత్తెమ్మ తల ఎత్తలేదు. బుగ్గలో తంబాకు అటు నుంచి ఇటు మారడం నాకు కనిపించింది.

“నేనే ఇడిసిన” అన్నాడు.

మాట ఇంకా ఉందేమోనని అధికారి ఎదురు చూశాడు. అందరం ఎదురు చూశాం. కాసేపటికి ఇది పూర్తి మాటేనా అని ఆయనే అడిగాడు. పూర్తే సార్ అన్నాడు. పక్కన తాడేమైనా ఉందా అని నా వైపు ఒక చూపు చూసి మళ్లీ అడిగాడు. లేదు సార్, నేనే, ఇంకెవ్వలు లేరు అన్నాడు. వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. సత్తెమ్మ లేచి, ఎవరినీ చూడకుండా బయటికి నడిచి వెళ్లిపోయింది.

శామీర్‌పేట బస్సులో నేను ఆయన్ని తిట్టిన తిట్లు రాయదగ్గవి కావు. పక్క సీటువాళ్లు లేచి ముందుకు పోయారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నీ విన్నాడు. దారిలో ఒక స్టాపు దగ్గర బస్సు ఆగినప్పుడు చెప్పాడు. విడిచింది యాదగిరే. దుమారం ముఖాన కొట్టగానే బెదిరి, తాడు వదిలి పరుగెత్తాడు. ఎవరికైనా భయమవుతుంది, భయం కావడం తప్పా అన్నాడు. ఈయన తన తాడు జబ్బకు చుట్టుకుని, పరుగెత్తి ఆ విడిచిన తాడు కూడా అందుకున్నాడు. రెండు చేతులా చెరొక తాడు, పైన బర్రె. ఎంతసేపు ఆగుతాయి చేతులు?

మరి నిజం చెప్పడానికి ఏం రోగం అన్నాను.

“ఎవలకు చెప్పాలె టీచరమ్మా? సెల్లె వెనక కూసున్నది. నీ మొగుడు ఇడిసిండు, నేను ఇడువలే అని ఆమె ముంగట చెప్పి, ఇగ నాతోని మాట్లాడు అనాల్నా?”

ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. దిగేటప్పుడు, గింత పనికి మీ సెలవు పాడైంది అని నొచ్చుకున్నాడు కూడా.

నివేదిక తర్వాతెప్పుడో వచ్చింది. గాలి, తక్కువ మనుషులు, సరిగా లేని ఏర్పాట్లు అని కంపెనీని కూడా తప్పుపట్టారు. నడుమ ఒక వాక్యం ఉంది, కింది సిబ్బందిలో ఒకరు తాడు విడిచినట్టు అంగీకరించారని. కంపెనీ రేకుల షెడ్డు విప్పుకుని పోయింది. టార్పాలిన్ కూడా తీసేశారు. ఆయనొక్కడే మిగిలాడు. ఊరు దాటొద్దన్నవాళ్లు ఇక దాటొచ్చని చెప్పడం మరిచిపోయారో ఏమో, ఆయన అలాగే ఉండిపోయాడు. దూలపల్లి రావడం మానేశాడు. గోడ మీద చేపలు పెట్టడం మాత్రం మానలేదు. సెల్లె పలికిందా అని ఫోన్‌లో అడిగితే “పలికింది” అని ఆగి, నాకు ప్రాణం లేచొచ్చేలోగా “పిల్లులతోని” అనేవాడు. ఏ పూట అయినా ఆ నోట మంచి మాట పూర్తిగా వినబడుతుందేమోనని నేను ఎదురు చూసేదాన్ని.

పొద్దున చేపలు గోడ మీద పెట్టి వచ్చి, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండె అన్నారు. నేను పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. మీసం రంగు కొత్తగా వేసినట్టుంది. శ్రావణి నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఎదురింటి గేటు దగ్గర సత్తెమ్మ నిలబడి ఉంది. లోపలికి పోదు, ఇటు రాదు. గోడ మీద పొద్దుటి చేపల పొట్లం అలాగే ఉంది. అది చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఒట్టు ఉంది కాబట్టి నాలుక కొరుక్కుని, లేన్ దాటి ఆమె దగ్గరికి పోయాను.

“ఇడిసిండనే అనుకో సత్తెమ్మా. మనిషి పోయినంక గుడ పలకవా?” అన్నాను.

“ఆయన ఇడువలే టీచరమ్మా” అంది.

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. యాదగిరికి ఆఖరి స్నానం తనే పోసిందట. మీద అంత బరువు పడి ఒళ్లంతా నుజ్జయింది గాని అరచేతులు తెల్లగా ఉన్నాయట, చిన్న గీత కూడా లేదట. తాడు గుంజినోని చేతులు గట్లుంటయా అని నన్నే అడిగింది. ఈయన చేతులు దవాఖానలో కట్లు మార్చేటప్పుడు చూసింది. అప్పుడే తెలిసిందట.

మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా అన్నాను.

“ఏమని చెప్పాలె? నా కొడుకును రేపు ఊరంత ఇడిసినోని కొడుకంటది. అన్న గోడ కాడ నిలవడ్డప్పుడల్ల నాకు నోటిదాంక వచ్చేది. ఒక్క మాట మాట్లాడితె రెండో మాట గదే వస్తది. గా భయానికే పలకలే.”

కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసి, “నాకు ఎరుకని అన్నకు ఎరుకేనా టీచరమ్మా?” అని అడిగింది.

ఆయనకు తెలియదు. తెలియకుండానే పోయాడు. ఆమెకు తనంటే అసహ్యమనుకుంటూనే ఈ పొద్దున కూడా ఆ పొట్లం పెట్టి వచ్చాడు. నేను సత్తెమ్మ ముఖంలోకి చూశాను.

“ఎరుకే” అన్నాను.

ఆమె గేటు తీసుకుని లేన్ దాటింది. జనం దారి ఇచ్చారు. ఆయన తల దగ్గర కూర్చుని, వాకిలంతా వినబడేలా “అన్నా” అని పిలిచింది. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి ఆమె వైపు చూశారు.